కదపని రుమాలు

పదకొండేళ్ళుగా నేను ఒక రుమాలు మోస్తున్నాను. పసుపుపచ్చ గుడ్డ, అంచున ఆకుపచ్చ కుట్టు. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని మోసి మోసి అలిసిపోయాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మ పోయేముందు పన్నెండు రోజులు ఆవిడ మంచం పక్కనే కూర్చున్నాను, అప్పుడూ నోరు రాలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే.

ధైర్యం అని రాశాను గానీ అది అబద్ధం. భయపడి చెబుతున్నాను. ఇవాళ గురువారం. ఆదివారం మద్దిలపాలెంలో ఒక హాల్లో మా పాత విద్యార్థులు సన్మానసభ పెట్టారు. ఆ సభలో తెర మీద ఒక వీడియో వేస్తారు. నేను తుడిచెయ్యకపోతే అందులో ఆ రుమాలు కనిపిస్తుంది. చూసేవాళ్ళు రెండు వందల మంది ఉన్నా, దాని అర్థం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నేను. రెండోవారికే సన్మానం.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచర్ని. స్కూలు పేరు రాయను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టి పెరిగినా, మాట చివర 'అండి' తగిలించడం మాత్రం పోలేదు. ఇప్పుడు సంగీతం విభాగానికి నేనే పెద్దని. అప్పట్లో కాదు. అప్పట్లో మాస్టారు పెద్ద, నేను ఆయన పక్కన హార్మోనియం వాయించే కాంట్రాక్టు టీచర్ని.

విభాగం అంటే ఏదో ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది. రెండు తంబురాలు, ఒకదానికి తీగలుండేవి కావు. ఒక మృదంగం, నాలుగు జతల తాళాలు, ఒక హార్మోనియం, కరెంటుతో పలికే ఒక శ్రుతిపెట్టె. పరీక్షలు దగ్గరపడితే మా పీరియడ్లు లెక్కలకీ సైన్సుకీ వెళ్ళిపోయేవి. వార్షికోత్సవం దగ్గరపడితే అందరికీ మేము గుర్తొచ్చేవాళ్ళం. గది కిటికీ పోర్టు వైపు ఉంటుంది. పొద్దున తుడిచిన హార్మోనియం మీద మధ్యాహ్నానికి నల్లటి పొడి పేరుకుంటుంది. ఎప్పుడంటే అప్పుడు తుడవాలి కదా అని ఒక రుమాలు హార్మోనియం మీదే మడిచి పెట్టుకునేదాన్ని. స్కూల్లో అందరికీ అది అలవాటైపోయింది. రుమాలు లేకపోతేనే అడిగేవారు.

మాస్టారిది శ్రీకాకుళం వైపు పల్లె. కుర్రతనంలో ఒకపక్క సంగీతం నేర్చుకుంటూ, ఇంకోపక్క ఏడేళ్ళు ఓడలు బాగుచేసే షెడ్డులో రేకులు కొట్టారు. ఆ తర్వాత మా స్కూల్లో ఇరవై రెండేళ్ళు. పిల్లల్ని తిట్టడం ఆయనకి చేతకాదు, ఆటపట్టిస్తారు. ఎవడైనా గొంతు చించుకుంటే దగ్గరికి పిలిచి, "బావా, పాడతన్నావా, బస్సు ఆపడానికి కేకేత్తన్నావా?" అనేవారు. పదేళ్ళ పిల్లాడిని బావ అంటే వాడు సిగ్గుపడిపోయి, మరుక్షణం బుద్ధిగా పాడేవాడు. నాకు వర్ణాలు నేర్పింది ఆయనే. స్కూలయ్యాక గంట కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా.

ఆయన చెవుల సంగతి నాకెలా తెలిసిందో చెప్పాలి. నేను చేరిన నాలుగో ఏడు. ప్రాక్టీసులో కరెంటు పోయి వచ్చింది. మా శ్రుతిపెట్టెకి ఒక రోగం ఉండేది. సముద్రం గాలికి లోపల బ్యాటరీ పెట్టే చోటు తుప్పు పట్టి, కరెంటు మీదే బతికేది. కరెంటు పోయి వస్తే మనం పెట్టిన శ్రుతి మరిచిపోయి, దాని మొదటి శ్రుతికి వెళ్ళి కూర్చునేది. పిల్లలు నాలుగున్నర శ్రుతిలో పాడుతుంటే అది ఒకటిలో మోగడం మొదలుపెట్టింది. సంగీతం రానివాళ్ళకి చెప్పాలంటే, పాటకి శ్రుతి ఇంటికి పునాది లాంటిది. పునాది ఒకచోట, గోడలు ఇంకోచోట. వినేవాళ్ళకి పళ్ళు పులుస్తాయి. పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతున్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని ఆనందంగా తాళం వేస్తున్నారు.

నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి పిల్లల మొహాలు చూశారు, తర్వాత నా మొహం చూశారు. అంతా అర్థమైపోయింది ఆయనకి. సాయంత్రం అందరూ వెళ్ళాక చెప్పారు. శబ్దం వినబడుతుంది, మాట తెలుస్తుంది, స్వరం ఎక్కడుందో తెలియడం మానేసింది. మూడేళ్ళుగా. డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు గానీ, సంగీతం మాస్టారు చెవిలో మిషనేటని ఆయనకి నామోషీ. "నీ సెవులు నాకు సాయమియ్యమ్మా, రిటైరయ్యేవరకే," అన్నారు. పెద్దమనిషి చేతులు జోడించబోయారు. నేనే ఆపాను.

అప్పుడు పుట్టింది మా రుమాలు పద్ధతి. రుమాలు హార్మోనియం మీద నడిమధ్య ఉంటే అంతా సవ్యంగా ఉందని. ఎడమకి జరిపితే పిల్లలు శ్రుతి దిగుతున్నారని. తీసి చేతిలో పట్టుకుంటే పాట ఆపేయాలని. కరెంటు పోయి వచ్చిందంటే మాత్రం ఏమీ ఆలోచించకుండా రుమాలు చేతిలోకి తీసుకోవాలి, అది ఖాయం. ఆయన పాట ఆపి, జనం వైపు తిరిగి, "ఇంకా బాగా పాడగలరు మా పిల్లలు, మొదట్నుంచి వినండి" అనేవారు. ఈలోగా నేను లేచి శ్రుతి సరిచేసేదాన్ని. జనం చప్పట్లు కొట్టేవారు. ఎంత పట్టుదల ఉన్న మాస్టారో అనేవారు. నాలుగేళ్ళు అలా నడిచింది. ఎవరికీ అనుమానం రాలేదు.

నాకు ఒళ్ళు మండేదా? మండేది. ఎందుకు దాచాలి ఇప్పుడు? షీల్డు గెలిచినప్పుడు పేపర్లో ఫోటో వచ్చింది, అందులో ఆయనా పిల్లలూ ఉన్నారు, హార్మోనియం మీద నా చెయ్యి ఒక్కటే ఉంది. ఆ రోజు ఆయనే పేపరు తెచ్చి, "నిన్ను కోసీసినారేటమ్మా, దొంగసచ్చినోళ్ళు" అని బాధపడ్డారు. ఆయన బాధపడ్డందుకు నాకు ఇంకా కోపం వచ్చింది. ఆయన మంచివాడు కాకపోయినా బాగుండేది అనుకున్నాను. ఎంత నీచమైన ఆలోచనో చూడండి.

తర్వాత కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. డిసెంబరులో ఒకరోజు నన్ను పిలిచి, వచ్చే ఏడాది నుంచి సంగీతానికి ఒక్కరే ఉంటారని చెప్పారు. సీనియరు కాబట్టి మాస్టారే ఉంటారని నాకు అర్థమైంది. ఆ తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి, మాస్టారికి సరిగ్గా వినబడదని ఎవరో అంటున్నారు, నిజమేనా అని అడిగారు. నాకు తెలియదండి అన్నాను. ఆయన తలూపి, సరే, వార్షికోత్సవంలో నేనే చూస్తాను అన్నారు.

బయటికొచ్చి వరండాలో నిలబడి లెక్కలు వేసుకున్నాను. మా ఆయనకి పరవాడలో పని పోయి అప్పటికి ఆరు నెలలు. పిల్లకి ఆరేళ్ళు. ఇంట్లో నా ఉద్యోగం ఒక్కటే ఆధారం. ఒక్క 'అవును' అంటే అయిపోయేది. అనలేదు. నేను చాడీలు చెప్పే మనిషిని కాదని గర్వపడ్డాను కూడా. కానీ ఇది గమనించండి. ప్రిన్సిపాల్ అడిగిన సంగతి నేను మాస్టారికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన జాగ్రత్తపడేవారు. శ్రుతిపెట్టె పక్కన ఎవరినైనా కూర్చోబెట్టేవారు, లేదా అసలు తంబురా మీదే నడిపించేవారు. చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. అలా మూడు వారాలు గడిచాయి. మరిచిపోయానా? లేదు. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. అయితే మరెందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న పదకొండేళ్ళుగా వేసుకుంటున్నాను. జవాబు నాకు మొదటి నుంచీ తెలుసు.

వార్షికోత్సవం స్కూలు మైదానంలో. ఇంకా వెలుతురుంది. ఇరవై ఆరుగురు పిల్లలు వేదిక మీద రెండు వరసల్లో నిలబడ్డారు. నేను వేదిక మీదే ఒక పక్కన హార్మోనియంతో. వెనక వరస దగ్గర స్టూలు మీద శ్రుతిపెట్టె, దాని ముందు మైకు. మాస్టారు వేదిక కింద, అతిథులకి వీపు పెట్టి, పిల్లలకి ఎదురుగా. ఉతికిన తెల్లచొక్కా, జేబులో పెన్ను. మొదలుపెట్టే ముందు నాకేసి చూసి చిన్నగా నవ్వారు. నేను రుమాలు నడిమధ్య సర్దాను.

పల్లవి బ్రహ్మాండంగా వచ్చింది. రెండోసారి పల్లవి అందుకుంటుండగా కరెంటు పోయింది.

మైకులు ఆగిపోయాయి. పిల్లలు ఆపలేదు, అలా ఆపకూడదని మేమే నేర్పాం. వెనక జనరేటరు దడదడమంది. లైట్లు వచ్చాయి. శ్రుతిపెట్టె ఒకటిలో మోగడం మొదలుపెట్టింది, మైకులో, మైదానమంతా. వెనక వరస పిల్లలు దాని మాట విన్నారు. ముందు వరస పిల్లలు నా హార్మోనియం మాట విన్నారు. మాస్టారికి లైట్లు పోయి రావడం తెలిసింది. ఆయన తాళం ఆపకుండానే తల తిప్పి హార్మోనియం కేసి చూశారు. నా మొహం కేసి కాదు. రుమాలు కేసి.

రుమాలు నడిమధ్యే ఉంది.

ఆయన తృప్తిగా తలూపారు. పిల్లల వైపు తిరిగి, ఇంకా ఉత్సాహంగా చేతులు ఊపారు. రెండు చరణాలు అలాగే సాగాయి. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత కుర్చీలు కుర్చీలే నవ్వాయి. ముఖ్య అతిథి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముందు వరసలో ఒక పిల్ల ఏడుస్తూ పాడుతోంది. మాస్టారు ఆ పిల్లకేసి చూసి, భావం పలికిస్తోందనుకున్నారో ఏమో, భేష్ అన్నట్టు వేలు ఊపారు. నేను హార్మోనియం వాయిస్తూనే ఉన్నాను. ఒక్క స్వరం కూడా తప్పు వాయించలేదు. పాట అయ్యాక ఆయన వెనక్కి తిరిగి దండం పెట్టారు. అప్పుడు చూశారు నవ్వుతున్న మొహాలు.

ఆ తర్వాత సంగీతం గదిలో మా ఇద్దరమే ఉన్నాం. ఆయన శ్రుతిపెట్టె వైరు చుడుతున్నారు. చుట్టడం అయిపోయినా మళ్ళీ విప్పి చుడుతున్నారు. ఈ మాటలు నేను మరిచిపోలేదు, ఒక్క అక్షరం కూడా మార్చకుండా రాస్తున్నాను.

"టీచరమ్మా, ఒక మాట అడుగుతాను, ఏటనుకోకు. కరెంటొచ్చినాక నాను నీకేసి సూసినాను. రుమాలు నడిమిట్లోనే ఉన్నాదమ్మా."

అప్పుడే, ఆ క్షణంలో, కాళ్ళ మీద పడిపోయినా సరిపోయేది. భయపడ్డానండీ, తియ్యలేదండీ అన్నా సరిపోయేది. నా నోట్లోంచి వచ్చింది ఇది.

"లేదండి మాస్టారూ. తీసేశానండి. చేతిలోనే పట్టుకున్నానండి. మీరే చూసుకోలేదు."

"తీసీసినావా?"

"తీశానండి."

ఆయన వైరు చుట్టడం ఆపారు. గోడ మీద పిల్లల షీల్డుల కేసి చూశారు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశారు. "అయితే కళ్ళు కూడా పోనాయన్నమాట," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నా మూలంగా నీకు కూడా సెడ్డపేరు వచ్చీసినాది. ఏటనుకోకమ్మా," అన్నారు.

ఆయన నన్ను క్షమించమని అడిగారు. నన్ను.

మిగతాది తొందరగా చెప్పేస్తాను, నెమ్మదిగా చెప్పే శక్తి లేదు. జనవరిలో మాస్టారిని పరవాడ బ్రాంచిలో లైబ్రరీకి మార్చారు. ఇంటి దగ్గర పాఠానికి వచ్చే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. వేసవి సెలవుల్లోపే ఆయన రాజీనామా చేశారు. ఉద్యోగం నాకు పర్మనెంటు అయింది. స్టాఫ్ రూములో అందరికీ స్వీట్లు పంచాను. మాస్టారు వచ్చి మరీ అభినందించి వెళ్ళారు, తన స్థానం పరాయివాళ్ళకి పోలేదని సంతోషించారు. ఆయన కూర్చున్న కుర్చీలో నేను చాలా రోజులు కూర్చోలేకపోయాను. తర్వాత కూర్చున్నాను. మనిషికి అలవాటవుతుంది, అదే భయంకరం.

రుమాలు మళ్ళీ హార్మోనియం మీద పెట్టలేదు. బీరువాలో, పాత హాజరు పుస్తకాల కింద దాచాను. దుమ్ము చీర కొంగుతో తుడుచుకుంటాను. ఇప్పటికీ క్లాసులో కరెంటు పోతే నా ఎడమ చెయ్యి దానంతటదే ఎగిరిపడుతుంది. పిల్లలు నవ్వుతారు. ఎవరైనా "మేడమ్, మీతో ఒక మాట" అంటే చాలు, అదే మాటేమో అనుకుంటాను. ప్రిన్సిపాల్ గది నుంచి పిలుపొస్తే ముందు బీరువా తాళం వేసి ఉందో లేదో చూసుకుంటాను.

కిందటి నెల సిరీష వచ్చింది. ఆ రోజు ముందు వరసలో ఏడ్చిన పిల్ల తనే. ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఉద్యోగం. మాస్టారు కూడా కూతురు దగ్గర ఆ ఊళ్ళోనే ఉంటున్నారట. పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది.

"మేడమ్, వీడియో తీసినాయన దగ్గర మన వార్షికోత్సవాలన్నీ దొరికినాయి. మీరే సూసి, బాగున్నవి కలిపి పెట్టండి. మాస్టారుకి సన్మానం సేత్తన్నాం. ఆయన్ని బయటికి తీసుకురావాలి మేడమ్. కళ్ళు అగుపడవని ఒక్కరే గుమ్మం దిగరు. రోడ్డు దాటాలంటే మనవరాలు సెయ్యి పట్టుకుంటారు. ముగ్గురు డాక్టర్లు సూసినారు, కళ్ళు బాగానే ఉన్నాయంటారు. ఆయన నమ్మరు. ఎందుకో ఏటో."

ఎందుకో నాకు తెలుసు. సిరీష ఎదురుగా టీ తాగుతూ కూర్చుంది, నేను తలూపుతూ కూర్చున్నాను. ఉద్యోగం పోగొట్టానని పదకొండేళ్ళుగా అనుకుంటున్నాను. ఆయన కళ్ళు కూడా తీసేశానని ఆ రోజే తెలిసింది.

వీడియో చూశాను. చూడకపోతే బాగుండేదా? ఇన్నేళ్ళూ నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. కరెంటు పోయిన గాభరాలో బిగుసుకుపోయాను, చెయ్యి కదల్లేదు, అంతే. ఆ ఒక్క కథ పట్టుకుని నిద్రపోయేదాన్ని. వీడియో అలా చెప్పడం లేదు. లైట్లు వచ్చాయి. హార్మోనియం తిత్తి మీదున్న నా ఎడమ చెయ్యి లేచింది. రుమాలు దాకా వెళ్ళింది. వేళ్ళు దానిమీద ఆనాయి. అక్కడ ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చి తిత్తి పట్టుకుంది. ఆ తర్వాతే మాస్టారు చూశారు. ఎన్నోసార్లు వెనక్కి తిప్పి చూశాను. ప్రతిసారీ ఆ చెయ్యి ఈసారైనా తీస్తుందేమోనని పిచ్చిదానిలా ఎదురుచూశాను. గాభరాపడ్డ చెయ్యి కాదది. ఆలోచించుకున్న చెయ్యి.

తుడిచెయ్యొచ్చు. ఒక్క మీట నొక్కితే పోతుంది. వీడియో తీసినాయన తన దగ్గరున్నవి పారేశాడట, ఇంకెవరి దగ్గరా లేదు. నొక్కబోయాను కూడా. అంతలో నిన్న ఆయన దగ్గర నుంచే ఫోను. చెవికి మిషను పెట్టించుకున్నారట, ఇప్పుడు ఫోన్లో వినబడుతోందట. గొంతు అదే, కొంచెం సన్నబడింది.

"అమ్మా, సిరీష వోళ్ళు ఏటో వీడియో ఏత్తారంట కదా. ఆ రోజుది మాత్రం ఒగ్గీమ్మా, నీకు దండం పెడతాను. నా మనవరాలు కూడా వత్తాది. సెవిటోణ్ణని దానికి తెలుసు, పరవానేదు. గుడ్డోడినై నిలబడ్డం అది సూడకూడదు."

అలాగేనండి అన్నాను. చూశారా? ఆ రోజుది వదిలెయ్యమని ఆయనే బతిమాలుకుంటున్నారు. ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. భయం తీరిపోవాలి కదా? తీరకపోగా ఇంకా పెరిగింది. ఆయన కళ్ళు బాగున్నాయనడానికి లోకంలో సాక్ష్యం ఆ వీడియో ఒక్కటే. దాన్ని తుడిచేస్తే ఆయన పోయేదాకా ఆ మనవరాలి చెయ్యి పట్టుకునే రోడ్డు దాటుతారు. తుడిచే అధికారం నా చేతిలోనే పెట్టారు. మళ్ళీ అదే చేతిలో.

ఇక్కడితో ఆపాను గురువారం.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం, బడి వదిలేశాక, సంగీతం గదిలో కూర్చుని రాస్తున్నాను. గంట క్రితం మాస్టారికి ఫోను చేశాను.

నాలుగుసార్లు నంబరు నొక్కి ఆపేశాక, అయిదోసారి మోగనిచ్చాను. ఆయనే ఎత్తారు. ముందు బాగున్నారా అని అడిగితే ఇక చెప్పలేనని తెలుసు. అందుకే అడగలేదు. "మాస్టారూ, నేనండి. ఆ రోజు మీరు చూసింది నిజమండి. రుమాలు నడిమధ్యే ఉందండి. నేను తియ్యలేదు," అన్నాను. అక్కడే ఆగిపోయాను.

చెవి మిషను ఫోనుకి తగిలి సన్నగా ఈల వేస్తోంది. ఆ ఈల ఏ స్వరంలో ఉందో కూడా నా చెవి లెక్కకట్టింది, నా పాడు చెవి. తర్వాత ఆయన గొంతు వినిపించింది.

"మరొక్కపాలి సెప్పమ్మా."

వినబడక అడిగారా? వినబడే అడిగారా? నాకు తెలియదు. నన్ను మళ్ళీ అదే చెప్పమంటే, పిల్లలకి పల్లవి నేర్పినట్టు నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఈసారి మధ్యలో ఆగలేదు. కావాలనే తియ్యలేదని చెప్పాను. ఉద్యోగం కోసమని చెప్పాను. ఆ తర్వాత గదిలో అబద్ధమాడానని చెప్పాను. మీ కళ్ళు సరిగ్గానే చూశాయండి, వీడియోలో ఉంది, నేను తుడవలేదు, రేపు వెయ్యమన్నా వేస్తాను, మీ చేతికే ఇమ్మన్నా ఇస్తాను అని చెప్పాను.

ఆయన అంతా విని ఫోను పెట్టేశారు.

అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు. మళ్ళీ చెయ్యలేదు. రేపు సభకి వస్తారో రారో తెలియదు. వస్తే అందరి ముందు ఏమంటారో తెలియదు. సిరీషకి ఏమని చెప్పారో, ఆ పిల్ల రేపు నా మొహం ఎలా చూస్తుందో తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అదీ తెలియదు. భయం ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. కానీ పిల్లలకి రోజూ చెబుతుంటాను, పాడేముందు ఊపిరి పొట్టలోకి దింపుకోవాలని. నాకు పదకొండేళ్ళుగా అది గొంతు దగ్గరే ఆగిపోయేది. ఫోను పెట్టేశాక మొదటిసారి కిందదాకా దిగింది. మీకు ఇదంతా రాస్తుంటే ఇంకోసారి దిగింది. ఇంతకన్నా నేను అడగకూడదు.

బీరువా తెరిచి, హాజరు పుస్తకాల కింద నుంచి రుమాలు తీశాను. పసుపు వెలిసిపోయింది, ఆకుపచ్చ కుట్టు అలాగే ఉంది. పోర్టు దుమ్ము ఇంకా మడతల్లో ఉంది. ఉతకలేదు.

రేపు తొమ్మిదింటికల్లా హాలుకి వెళ్తాను. గుమ్మానికి ఎదురుగా, వేదిక పక్కన నిలబడతాను. ఆయన వస్తే గుమ్మం దగ్గర ఆగి ఎప్పటిలా నాకేసి చూస్తారు. అప్పటికి రుమాలు నా చేతిలో ఉంటుంది, పైకి ఎత్తి పట్టుకుని ఉంటాను. ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి. అంత దూరం నుంచైనా చూస్తారు.